ముందు దరువు, తర్వాతే మాట

డెబ్బై దాటిన మనిషికి హిప్‌హాప్‌తో ఏం పని అని మా ఇంట్లోనే నవ్వుతారు. ఆ సంగీతానికి పునాది వేసిన కూల్ హెర్క్ 1955లో పుట్టాడు, నా ఈడువాడే. ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బతికుంటే తొంభై దాటి ఉండేవాడు. కాబట్టి ఇది కుర్రకారు గోల అనే మాట నా దగ్గర చెల్లదు.

చిన్నప్పుడు రాజమండ్రిలో మృదంగం నేర్చుకున్నాను. పెద్దయ్యాక లండన్‌లో మత్తు డాక్టరుగా చాలాకాలం పనిచేశాను. ఫంక్, హిప్‌హాప్, డ్రమ్ అండ్ బేస్ అనే మూడింటి మీదా నాకు పిచ్చి పట్టడానికి ఆ మృదంగమూ ఈ లండనూ చెరిసగం కారణం. మా చెల్లెలి మనవళ్లు "తాతయ్యా, నీకిష్టమైన పాటలు ఓ పది రాసివ్వు" అని అడుగుతుంటారు. ఉత్త జాబితా ఇస్తే ఓసారి విని వదిలేస్తారు. ఏ పాటలో ఎక్కడ చెవి పెట్టాలో కూడా చెప్పాలి కదా. అందుకని ఇలా రాస్తున్నాను.

1. డ్రమ్ము వాయించినవాడి పేరు తెలుసుకోండి

నా వరసలో మొదటిది 'ఫంకీ డ్రమ్మర్'. 1969 నవంబరు 20న అమెరికాలోని సిన్సినాటి నగరంలో, కింగ్ స్టూడియోలో రికార్డయింది. రికార్డు మీద పేరు జేమ్స్ బ్రౌన్‌ది. అందులో ఆయన పాడింది తక్కువే. పాట సగం దాటాక మిగతా వాద్యాలన్నీ ఆగి డ్రమ్మరు ఒక్కడే మిగులుతాడు. సోలో వద్దు, ఇప్పుడు వాయిస్తున్నదే వాయించు అని బ్రౌన్ ముందుగానే చెబుతాడు. ఆ తర్వాత వచ్చే ఇరవై సెకన్ల దరువు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌ది.

ఆ ఇరవై సెకన్లలో గట్టిగా వినబడే దెబ్బలు ఎవరికైనా తెలుస్తాయి. వాటి మధ్య స్నేర్ డ్రమ్ము మీద కర్ర తగిలీ తగలనట్టు పడే చిన్న దెబ్బలున్నాయి చూశారూ, వాటిని వెతకండి. ఘోస్ట్ నోట్లు అంటారు వాటిని. మృదంగం వాయించే చేతికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. పెద్ద దెబ్బకీ పెద్ద దెబ్బకీ మధ్య వేళ్లు ఊరికే ఉండవు, నడకంతా ఆ చిన్న దెబ్బల్లోనే దాగి ఉంటుంది. క్లైడ్ ఎవరి దగ్గరా డ్రమ్ము నేర్చుకోలేదు. చాటనూగా అనే ఊళ్లో పెరిగాడు. అక్కడి ఫ్యాక్టరీ మోతలు, రైలు చప్పుళ్లు వింటూ లయ పట్టుకున్నానని తానే చెప్పుకున్నాడు.

1986లో 'ఇన్ ద జంగిల్ గ్రూవ్' అనే ఆల్బంలో ఈ పాట పూర్తి నిడివితో వచ్చింది. ఇక రాప్ పాటలు కట్టేవాళ్లంతా ఆ దరువు ముక్కని కోసి తమ పాటల్లో అతికించుకోవడానికి ఎగబడ్డారు. పబ్లిక్ ఎనిమీ బృందం 'ఫైట్ ద పవర్' (1989), ఎల్ఎల్ కూల్ జె 'మామా సెడ్ నాక్ యు అవుట్' (1990) రెండింట్లోనూ ఉన్నది క్లైడ్ చెయ్యే. పాట రచయితగా మాత్రం క్లైడ్ పేరు ఎక్కడా లేదు. అందువల్ల అంత వాడకానికీ రావలసిన డబ్బు ఆయనకు రాలేదు. క్యాన్సరు వచ్చినప్పుడు సుమారు 80 వేల డాలర్ల ఆస్పత్రి ఖర్చు గాయకుడు ప్రిన్స్ భరించాడు. ఆ సంగతి ప్రిన్స్ పోయాకే లోకానికి తెలిసింది. క్లైడ్ 2017లో పోయాడు.

2. సమం దొరికితే ఫంక్ దొరికినట్టే

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. అప్పట్లో అమెరికన్ డాన్సు పాటల్లో చప్పట్లు రెండు మీదా నాలుగు మీదా పడేవి. బ్రౌన్ బరువంతా ఒకటి మీదకు తెచ్చాడు. దాన్ని 'ది వన్' అనేవాడు. మధ్యలో ఎవరు ఎటు తిరిగినా సరే, ఒకటి దగ్గర మాత్రం అందరూ కలవాలి. తనియావర్తనంలో మృదంగం, ఘటం ఎన్ని పోకడలు పోయినా చివరికి సమానికి, అంటే తాళం ఒకటికి, చేరితేనే సభ చప్పట్లు కొడుతుంది. ఆ మజా తెలిసినవాళ్లకు ఫంక్ కొత్తగా నేర్పవలసిన విద్యేం కాదు.

దీనికి వినవలసిన పాట 'కోల్డ్ స్వెట్' (1967). డ్రమ్ము మీద మళ్లీ క్లైడే. సంగతులు కూర్చినవాడు సాక్సఫోన్ విద్వాంసుడు పీ వీ ఎలిస్. మైల్స్ డేవిస్ 'సో వాట్' విన్న ప్రభావంతో ఇందులోని బాకాల వరస తట్టిందని ఆయన చెప్పాడు. జాజ్‌లో తీరిగ్గా నడిచిన ఆ భావం ఇక్కడికి వచ్చేసరికి చెమటలు పట్టించింది. ఈ పాటలో శ్రుతి మారడం తక్కువ. గిటారు, బాకాలు, బ్రౌన్ గొంతు అన్నీ డ్రమ్ములాగే దెబ్బలు వేస్తాయి. రాగం కోసం వెతికితే విసుగొస్తుంది, లయ కోసం వింటే లేవబుద్ధి కాదు.

బేస్ గిటారు సంగతి కూడా ఒకటి చెప్పాలి. లారీ గ్రాహం కుర్రవాడిగా వాళ్లమ్మ పాట కచేరీలో బేస్ వాయించేవాడు. ఆ కచేరీలో డ్రమ్మరు లేడు. ఆ లోటు పూడ్చడానికి బొటనవేలితో తీగని బాదడం, చూపుడువేలితో లాగి వదలడం మొదలుపెట్టాడు. తర్వాత స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బృందంలో అదే పద్ధతి లోకమంతా పాకింది. లేమి నుంచి పుట్టిన విద్య అది. న్యూ ఆర్లీన్స్‌ వాళ్లయిన ద మీటర్స్ బృందం 'సిసీ స్ట్రట్' (1969) కూడా వినండి. అందులో మాటలే లేవు.

3. హిప్‌హాప్‌లో ముందు పుట్టింది డీజే

రాప్ అంటే గబగబా మాట్లాడడమనీ, హిప్‌హాప్ అన్నా అదేననీ చాలామంది అనుకుంటారు. మొదటి చిత్రం వేరు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంటు భవనం కింది అంతస్తు హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. బడులు తెరిచే ముందు కొత్త బట్టలకు డబ్బు కావాలని ఆ అమ్మాయి ఆలోచన. ప్రవేశం ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు. రికార్డులు వేసింది వాళ్లన్నయ్య క్లైవ్. అతనే కూల్ హెర్క్. వాళ్ల కుటుంబం జమైకా నుంచి వచ్చింది.

రికార్డులో గాయకుడు ఆగి, ఒక్క డ్రమ్మే మిగిలే చోట జనం రెచ్చిపోయి ఆడుతున్నారని హెర్క్ గమనించాడు. అది కొన్ని సెకన్లే ఉంటుంది. అందుకని ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టి, ఒకదానిలో ఆ ముక్క అయిపోగానే రెండోదానిలో అదే ముక్క అందుకునేవాడు. కొన్ని సెకన్ల ముక్క నిమిషాల తరబడి సాగేది. ఆ ముక్కకే బ్రేక్ అని పేరు. ఇన్‌క్రెడిబుల్ బాంగో బ్యాండ్ 'అపాచీ' (1973) వినండి, హెర్క్ ఇష్టంగా వేసినది. జనాన్ని ఉత్సాహపరచడానికి మైకులో నాలుగు మాటలు అనడం పక్కపనిగా మొదలై, ఆ పక్కపనే తర్వాత రాప్ అయింది.

4. మాటలు అర్థం కాకపోతే కంగారుపడకండి

మొదటిసారి మాటని కూడా దరువుగానే వినండి. 'ప్రేమికుడు' (1994) రాప్ పాటని మనవాళ్లు తలాడిస్తూ విన్నారు కదా, ప్రతి మాటా పట్టుకునే విన్నారా ఏమిటి? రెండోసారి ప్రాస ఎక్కడ పడుతోందో చూడండి. మూడోసారికి అర్థం దానంతటదే వస్తుంది.

ప్రాస అంటే మనకు పాదంలో రెండో అక్షరం. పద్యం వింటూ పెరిగిన చెవి పాదం మొదట్లోనే దాని కోసం కాచుకుని ఉంటుంది. తొలినాళ్ల రాప్‌లో ప్రాస పాదం చివర పడేది. 1987లో ఎరిక్ బి, రకీమ్ జంట 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆల్బంతో వచ్చి ఆ కట్టుబాటు తెంచింది. రకీమ్ పాదం మధ్యలో ప్రాస వేస్తాడు. వాక్యాన్ని తాళం గీత దాటించి తర్వాతి ఆవర్తంలో ముగిస్తాడు. గొంతు మాత్రం పెంచడు. అతను కుర్రతనంలో సాక్సఫోన్ వాయించినవాడు, జాన్ కోల్‌ట్రేన్ భక్తుడు. మాటని ఊదినట్టు పలకడం అక్కడి నుంచి వచ్చిందే.

బూతుల మాట అడుగుతారు. ఉన్నాయి, కొన్నిచోట్ల దండిగా ఉన్నాయి. ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడే పాటలూ ఉన్నాయి. వాటిని నేను వెనకేసుకురాను. పిల్లలతో కూర్చుని వినాలంటే ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ 'ద లో ఎండ్ థియరీ' (1991)తో మొదలుపెట్టండి. అందులో ఒక పాటకు పెద్ద జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ వచ్చి బేస్ వాయించాడు.

5. అట్ట మీద పేరుని నమ్మకండి

'ద మెసేజ్' (1982) గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ పాటగా అందరికీ తెలుసు. పాట కట్టడంలో ఫ్లాష్ చెయ్యి దాదాపు లేదు. చాలాభాగం రాసినవాడు డ్యూక్ బూటీ అనే పేరుతో పనిచేసిన ఎడ్ ఫ్లెచర్. ఆ బృందంలో ఇందులో గొంతు వినిపించేది ప్రధానంగా మెలీ మెల్‌ది. అప్పటిదాకా పార్టీ కబుర్లు చెప్పిన రాప్ ఇందులో పేటల దరిద్రం, కంపు, విసుగు గురించి మాట్లాడింది. దరువు కూడా నెమ్మదించింది, జనం ఆగి వినేటట్టు. 2002లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితా మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలోనే దీన్ని చేర్చింది.

'రాపర్స్ డిలైట్' (1979) సంగతీ అంతే. దాని కింద పరుగెత్తే బేస్ షిక్ బృందం 'గుడ్ టైమ్స్' పాటలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన వరస. స్టూడియోలో వేరే వాద్యగాళ్ల చేత అదే మళ్లీ వాయించి రికార్డు విడుదల చేశారు. షిక్ వాళ్లు గొడవపెట్టాకే రచయితలుగా వాళ్ల పేర్లు ఎక్కాయి.

6. తప్పినట్టుండే తాళం తప్పు కాదు

డెట్రాయిట్ వాడు జె డిల్లా, హిప్‌హాప్ దరువులు కట్టేవాడు. డ్రమ్ము మిషన్లు వేలు కాస్త అటూఇటూ పడినా దెబ్బని సరిచేసి గీత మీద కూర్చోబెడతాయి. డిల్లా ఆ సర్దుబాటు పక్కన పెట్టి కొన్ని దెబ్బల్ని కొంచెం ముందుకీ కొన్నిటిని కొంచెం వెనక్కీ తోశాడు. మా గురువుగారు వింటే మొట్టికాయ వేసేవారు, కానీ రెండు నిమిషాలాగి మళ్లీ వెయ్యమనేవారు. అతని బృందం స్లమ్ విలేజ్ 'ఫెంటాస్టిక్, వాల్యూమ్ 2' (2000) దీనికి మంచి పాఠ్యపుస్తకం. అతని ఆల్బం 'డోనట్స్' 2006 ఫిబ్రవరి 7న, అతని 32వ పుట్టినరోజున వచ్చింది. మూడు రోజులకే పోయాడు. అతను వాడిన మిషను ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో ఉంది.

7. బి సైడు కూడా తిప్పి వినండి

నన్ను అన్నిటికంటే ఎక్కువ వేధించే కథ ఇది. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం 'కలర్ హిమ్ ఫాదర్' అనే పాటకు మంచి పేరు తెచ్చుకుంది, గ్రామీ కూడా వచ్చింది. ఆ రికార్డు వెనకవైపు నింపడానికి ఏదో ఒకటి కావాలి. చర్చిలో పాడే ఒక పాత పాట వరసని వాద్యాల మీద వాయించి 'ఆమెన్, బ్రదర్' అని పేరు పెట్టారు. మధ్యలో డ్రమ్మరు గ్రెగరీ కోల్‌మన్ ఒక్కడే నాలుగు ఆవర్తాలు వాయించాడు. ఆరేడు సెకన్లు. మొదటి రెండు ఆవర్తాలు సాఫీగా నడుస్తాయి, మూడోదానిలో ఒక దెబ్బ ఆలస్యమవుతుంది, నాలుగోదానిలో క్షణం ఖాళీ వచ్చి, సింబల్ మీద గట్టి దెబ్బ పడుతుంది.

1986లో 'అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్' అనే సంకలనంలో డీజేల కోసం దీన్ని మళ్లీ అచ్చేశారు. ఎన్.డబ్ల్యు.ఎ. 'స్ట్రెయిట్ అవుటా కాంప్టన్' (1988)లో నెమ్మదిగా వినబడేది ఈ దరువే. అట్లాంటిక్ దాటి లండన్ చేరాక అక్కడి కుర్రాళ్లు దీని వేగం పెంచి, ముక్కలు ముక్కలుగా కోసి, కొత్త వరసలో అతికారు. జంగిల్, దాని వెంట డ్రమ్ అండ్ బేస్ అలా వచ్చాయి. వేల పాటలకు ఆ ఆరేడు సెకన్లే ఆధారం.

కోల్‌మన్ 2006లో అట్లాంటాలో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు. తన దరువు ఏ ఏ దేశాలు తిరిగిందో అతనికి తెలుసో లేదో కూడా తెలియదని బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ అన్నాడు. స్పెన్సర్‌కే ఆ సంగతి 1996లో తెలిసింది. అప్పటికి దావా వేసే గడువు దాటిపోయింది. 2015లో బ్రిటిష్ డీజేలు, అభిమానులు చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు స్పెన్సర్‌కి ఇచ్చారు. ఆ వేల పాటలతో లక్షలు గడించినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం ఉంది. చందా వేసిన మామూలు శ్రోతల మీద గౌరవం ఉంది.

8. డ్రమ్ అండ్ బేస్‌ని రెండు కాలాల్లో వినండి

తొంభైల మొదట్లో రాత్రి డ్యూటీ ముగించుకుని కారులో ఇంటికొస్తూ రేడియో ముల్లు తిప్పుతుంటే తూర్పు లండన్‌ దొంగ స్టేషన్లు పలికేవి. కూల్ ఎఫ్ఎం వాటిలో పేరుమోసింది, 1991లో మొదలైంది. లైసెన్సు లేకుండా ఎత్తైన ప్రభుత్వ క్వార్టర్ల కప్పుల మీద ఏరియల్ కట్టి ప్రసారం చేసేవాళ్లు. అధికారులు పీకేస్తే మళ్లీ కట్టేవాళ్లు.

ఆ స్టేషన్లలో మోగేది ఈ సంగీతమే. వినగానే డ్రమ్ములు పరుగుతీస్తాయి. నిమిషానికి 170 దెబ్బల దాకా వేగం. చాలామంది ఇక్కడే భయపడి ఆపేస్తారు. కింద బేస్‌ని పట్టుకోండి. అది సరిగ్గా సగం వేగంతో, తాపీగా నడుస్తుంది. అంటే బేస్‌ది మొదటి కాలం, డ్రమ్ముది రెండో కాలం. సంగీతం పిల్లలకు వర్ణం రెండు కాలాల్లో పాడించి నేర్పిస్తారు. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. కాలు బేస్‌తో వెయ్యండి, చేతివేళ్లు డ్రమ్ముకి వదిలెయ్యండి. ఆ సగం వేగం లెక్కవేస్తే 85 వస్తుంది, హిప్‌హాప్ నడక దాదాపు అదే. కోల్‌మన్ దరువుని వాడుకున్న రెండు సంగీతాలూ అక్కడ మళ్లీ కలుస్తాయి.

ఇది చెయ్యడానికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. రికార్డు ముక్కల్ని కోసి దాచుకునే అకాయ్ కంపెనీ సాంప్లరు, అటారీ కంప్యూటరు, పాత రికార్డులు ఉంటే పడగ్గదిలో కూర్చుని పని కానిచ్చేవారు. పొద్దున అచ్చేయించిన ప్లేటు రాత్రి క్లబ్బులో మోగేది.

వినవలసినవి మూడు చెబుతాను. గోల్డీ 'ఇన్నర్ సిటీ లైఫ్' (1994) నాకు తలమానికం. డయాన్ షార్ల్‌మేన్ గొంతు పైన తేలుతుంటే కింద డ్రమ్ములు చెలరేగుతాయి. ఆమె తొందరపడదు. 1995లో వచ్చిన 'టైమ్‌లెస్' ఆల్బంలో ఈ పాట 21 నిమిషాల రూపంలో ఉంది, దాన్నే వినండి. రెండోది ఎల్‌టీజే బుకెమ్ 'మ్యూజిక్' (1993), అలసిన రాత్రులకు అది మందు. మూడోది బ్రిస్టల్‌ వాళ్లు రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం 'బ్రౌన్ పేపర్ బ్యాగ్' (1997). డబుల్ బేస్ తీగ మోగుతూ మొదలవుతుంది. వాళ్ల 'న్యూ ఫార్మ్స్' ఆల్బం ఆ ఏడాది రేడియోహెడ్‌ 'ఓకే కంప్యూటర్'ని కాదని మెర్క్యురీ బహుమతి కొట్టుకుపోయింది. అప్పుడు బోలెడు మంది ముక్కున వేలేసుకున్నారు. నా తీర్పు మాత్రం బహుమతి కమిటీ వైపే.

9. మనవాళ్ల చెయ్యి కూడా ఉంది

లండన్ హాక్స్‌టన్ స్క్వేర్‌లో బ్లూ నోట్ అనే క్లబ్బు ఉండేది. అక్కడ ఆదివారాలు గోల్డీ వాళ్ల మెటల్‌హెడ్జ్ పార్టీ, సోమవారాలు తల్విన్ సింగ్ నడిపిన అనోఖా పార్టీ జరిగేవి. తల్విన్ పంజాబ్ వెళ్లి తబలా నేర్చుకుని వచ్చిన లండన్ కుర్రాడు. తబలానీ డ్రమ్ అండ్ బేస్‌నీ కలిపి కట్టిన అతని 'ఓకే' ఆల్బం 1999లో మెర్క్యురీ బహుమతి గెలిచింది. తబలా ఇందులో అలంకారానికి లేదు, బండి లాగుతోంది.

మన సినిమా పాటలూ అటు వెళ్లాయి. బ్లాక్ ఐడ్ పీస్ 2005 నాటి 'డోంట్ ఫంక్ విత్ మై హార్ట్'లో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ 'డాన్' సినిమాకి కట్టిన వరస ఉంది. ఎం.ఐ.ఎ. 'కాలా' (2007) ఆల్బం మొదటి పాట 'బాంబూ బంగా' వింటుంటే మీకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తుంది. ఇళయరాజా 'దళపతి'కి కట్టిన పాట ముక్క అది, మనం 'సింగారాల పైరుల్లోనా'గా పాడుకున్నదే. ట్రూత్ హర్ట్స్ 'అడిక్టివ్' (2002)లో లతా మంగేష్కర్ గొంతుని అడక్కుండా వాడారు. సంగీత దర్శకుడు బప్పీ లహిరి పేరు వేస్తేనే ఆ ఆల్బం అమ్మాలని 2003లో అమెరికా కోర్టు ఆదేశించింది. క్లైడ్‌కీ కోల్‌మన్‌కీ దక్కనిది ఆయనకు దక్కింది.

అడిగి వాడుకోవాలన్న కట్టుబాటు 1991లో రాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన కోర్టు తీర్పుతో గట్టిపడింది. అతను తర్వాతి ఆల్బంకి అన్ని అనుమతులూ తీసుకున్నామనే అర్థం వచ్చే పేరు పెట్టి కసి తీర్చుకున్నాడు. ఆ తీర్పు తర్వాత ఖర్చు పెరిగి, వందల ముక్కలు కుట్టి పాట కట్టే పద్ధతి వెనకబడింది. డి లా సోల్ 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్' (1989) అనుమతుల చిక్కుల్లో పడి 2023 మార్చిలో గానీ ఫోన్లలో వినడానికి దొరకలేదు. కళాకారుడికి డబ్బు రావాలి, కొత్తవాడికి దారీ ఉండాలి. ఈ రెంటికీ కుదిరిన చట్టం ఇంకా నా కంటపడలేదు.

10. ఫోన్ స్పీకర్లో వినకండి

ఫోన్ స్పీకరు ఎంత ఖరీదైనదైనా బేస్ అట్టడుగు స్వరాలను పలికించలేదు. డ్రమ్ అండ్ బేస్ అందులో వింటే బేస్ పోయి ఒట్టి డ్రమ్ము గలగలే మిగులుతుంది, అది విని బాగాలేదంటే నేను ఒప్పుకోను. పెద్ద స్పీకర్లో గానీ, చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లో గానీ వినండి. మొదటిరోజుకు 'కోల్డ్ స్వెట్', 'ద మెసేజ్', 'ఇన్నర్ సిటీ లైఫ్' ఈ వరసలో చాలు. మర్నాడు 'ఫంకీ డ్రమ్మర్', 'ఆమెన్, బ్రదర్' పక్కపక్కన పెట్టుకోండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు మాత్రం రాత్రి పది దాటాక హెడ్‌ఫోనే పెట్టుకోండి.